ఊక మిర్యాలగూడలో, పరీక్ష పట్నంలో

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు వచ్చాయంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి, మెటలర్జీ, మెటీరియల్స్ అంటే ఇనుము కరగబోయడమేనా, అది చదివితే కొలువు దొరుకుతుందా అని అడుగుతుంటారు. ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ హైదరాబాద్‌లోనే ఉన్నాయనీ, అవి నడిచేదే ఈ శాస్త్రం మీదనీ చెబితే కొంత నమ్ముతారు. అయితే అది పట్నం సంగతి. ఈ శాస్త్రానికి మన జిల్లాలోనే ఎంత పని ఉందో, అది ఎందుకు సాగడం లేదో చెప్పడానికి, పదార్థ విజ్ఞానంలో పరిశోధన చేస్తున్న మిర్యాలగూడ విద్యార్థిగా ఈ లేఖ రాస్తున్నాను.

మా దగ్గరి పారాబాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ఇంధనం. 100 కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తే, అది కాలాక 4 కిలోల దాకా బూడిద మిగులుతుంది. బాగా కాలిన బూడిదలో సాధారణంగా 85 శాతానికి పైగా సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మా నాయనమ్మ ఆ బూడిదతో తోమిన బోళ్లు ఎందుకంత తళతళలాడేవో నాకు ఎమ్మెస్సీకి వచ్చాక గానీ అర్థం కాలేదు.

ఈ సిలికా ఏ వేడిలో తయారైందన్నదే అసలు విషయం. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు కాలిన ఊకలో దాని పరమాణువుల అమరికకు ఒక క్రమం ఉండదు. అంతకు మించిన వేడిలో చాలాసేపు ఉంటే అదే వరుసకట్టి క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. మొదటిది, సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి కాంక్రీటుకు బలమిస్తుంది. రెండోదానిలో ఆ చురుకు ఉండదు, పైగా దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. చేతిలోకి తీసుకుంటే రెండూ బూడిదే. తేడా పట్టిచ్చేది, పదార్థం మీద పడ్డ ఎక్స్‌రేలు ఏ కోణంలో ఎంత వెనుదిరిగాయో గీత గీసి చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం: 22 డిగ్రీల కోణం దగ్గర ఒకదాని గీత వెడల్పాటి దిబ్బలా లేస్తే, రెండోదానిది సూదిమొనలా నిలబడుతుంది.

పట్నంలోని ఒక ప్రయోగశాలలో ఆ గీత కోసం నేను ఆరు వారాలు వరుసలో ఉన్నాను. తీరా వస్తే దిబ్బ మీదే సూది కనిపించింది. రెండు రోజుల బూడిదను మిల్లులో ఒకే బస్తాలో కలిపేశారన్న సంగతి అప్పుడు తెలిసింది. తప్పు నాదే, నేను దగ్గరుండి తీసుకోవలసింది. యంత్రం ఊళ్లోనే ఉంటే మర్నాడే మళ్లీ పరీక్షించి సరిదిద్దుకునేవాణ్ణి. దూరం వల్ల మళ్లీ ఆరు వారాలు పోయాయి. ఒకే పనిని పదిసార్లు చేసి చూడడమే పరిశోధన అయిన చోట ఇది చిన్న నష్టం కాదు.

మట్టంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు, దామరచర్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), పక్కనే మిల్లులు. ఇంత ముడిసరుకు ఇక్కడుండగా, విశ్లేషణ మాత్రం ఇంకెక్కడో జరుగుతోంది. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి నల్లగొండ పేరు ఉన్నా, దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి).

కాబట్టి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఒక్కొక్క ఉమ్మడి పరీక్షా కేంద్రం ఇవ్వాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. ఒక డిఫ్రాక్షన్ యంత్రం, వేడి అదుపులో ఉండే ఒక కొలిమి, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని నడిపే ఒక శాశ్వత ఉద్యోగి చాలు. మనిషి లేని యంత్రం గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది. విద్యార్థులకు నామమాత్రపు రుసుము, మిల్లులకు, కర్మాగారాలకు పూర్తి రుసుము పెడితే నిర్వహణ ఖర్చు కొంతైనా గట్టెక్కుతుంది.

నా దగ్గర ఇంకా పదకొండు పొట్లాల బూడిద, తేదీలు రాసి, వరుస కోసం ఎదురుచూస్తోంది.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
మిర్యాలగూడ.