కారు కడిగించే ముందు వాళ్ల బకెట్లోకి ఒకసారి తొంగిచూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

కారు కడిగించడానికి వెళ్లేవారు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత తీసుకుంటారు, ఎంతసేపట్లో ఇస్తారు. కడిగాక బండి తళతళలాడితే తృప్తిగా తీసుకెళ్లిపోతారు. ఆ తళతళ వెనక పెయింట్‌కి ఏం జరిగిందో ఆ రోజు కనబడదు. కొన్ని నెలలు గడిచాక, ఎండ ఏటవాలుగా పడినప్పుడు, బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు బయటపడతాయి. అప్పటికి అవి ఎక్కడ, ఎప్పుడు పడ్డాయో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే బండి అప్పగించకముందే ఏం చూడాలో, ఎందుకు చూడాలో మీ పాఠకుల కోసం రాస్తున్నాం.

మనం కాపాడుకోవాల్సిన పొర ఎంత పలుచనిదో ముందు తెలుసుకోవాలి. రేకు మీద తుప్పు పట్టకుండా వేసే పూత, ప్రైమర్, రంగు, అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్, ఇవన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే రంగును ఎండ నుంచి, గీతల నుంచి కాపాడే పొర వెంట్రుకంత మందం కూడా ఉండదు. గీతలు పడితే పాలిష్ పట్టిస్తే పోతాయి కదా అనుకుంటారు చాలామంది. పాలిష్ అంటే ఆ క్లియర్ కోట్‌ని పైపైన అరగదీయడమే. పట్టించిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. పలుచబడిన చోట కొన్నేళ్లకి ఎండకు తెల్లగా పొక్కి, పొరలుగా లేస్తుంది. అప్పుడు ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి ఉండదు.

ఈ గీతలు చాలావరకు గీసేది బ్రష్షూ కాదు, గుడ్డా కాదు. వాటికీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న ఇసుక రేణువు. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు బాగా ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7, మామూలు చాకు ఉక్కు కంటే ఎక్కువ. అలాంటి రేణువును గుడ్డ కింద పెట్టి గుండ్రంగా రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి చేత్తో కడిగేదైనా, యంత్రంతో కడిగేదైనా, మేం మొదట చూసేది ఒక్కటే: బండిని ఏదైనా తాకేలోపు దాని మీది మట్టిని ఎంతవరకు వదిలిస్తున్నారు?

ఇది తెలుసుకోవడానికి పది నిమిషాలు అక్కడే నిలబడి, మీకంటే ముందు వచ్చిన బండిని ఎలా కడుగుతున్నారో చూడండి. పని తెలిసినవాళ్లు ముందు నీళ్లతో పైనుంచి కిందికి ధారాళంగా కడుగుతారు. చక్రాల పైగూళ్లలో, బంపర్ కింద, డోర్ల కింది అంచుల్లో పేరుకున్న మట్టి గడ్డలు రాలేదాకా వదలరు. తర్వాత ఫోమ్ కొట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగుతారు. ఆ నురగ మట్టిని నానబెట్టి, వదులు చేసి, తనతోపాటు కిందికి జార్చుకుపోతుంది. నురగ ఎండిపోయేదాకా వదిలేసినా నష్టమే, మరకలు పడతాయి. నురగ కొట్టిన మరుక్షణమే స్పాంజితో రుద్దడం మొదలెడితే ఆ నురగ పని ఏమీ జరగనట్టే. బండి మీద దుమ్ము ఉండగా పొడి గుడ్డతోనో, ఈకల కుచ్చుతోనో దులిపే చోట అసలు ఆపనే ఆపకండి. (ఇంటి దగ్గర రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచే అలవాటుకీ ఇదే మాట. వారానికోసారి కడిగించడం కంటే ఎక్కువ గీతలు ఆ అలవాటు వల్లే పడతాయి.)

ఇప్పుడు బకెట్ల సంగతి. రెండు ఉండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. ఒక భాగం కడగగానే చేతి తొడుగును మామూలు నీళ్లలో జాడించి, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. బకెట్ అడుగున జల్లెడలాంటి ప్లాస్టిక్ పళ్లెం ఉంటే ఇంకా మంచిది. దిగిన ఇసుక దాని కిందే ఉండిపోతుంది, చెయ్యి తగిలినా పైకి లేవదు. ఒక్క బకెట్‌తోనే నాలుగు బళ్లు కడిగేస్తున్నారంటే, నాలుగో బండికి ముందు మూడు బళ్ల ఇసుకా రాస్తున్నారన్నమాట. మొహమాటపడకుండా తొంగిచూడండి. నీళ్లు బురద రంగులో ఉంటే వెనక్కి వచ్చేయండి.

స్పాంజి కంటే పీచు పొడుగ్గా ఉండే మైక్రోఫైబర్ తొడుగే మేలనడానికి కారణం ఉంది. స్పాంజి ముఖం చదునుగా ఉంటుంది. రేణువు దానికీ పెయింట్‌కీ మధ్యే ఇరుక్కుని, రుద్దినంత మేరా గీస్తూ పోతుంది. పొడుగు పీచు ఉంటే రేణువు ఆ పీచుల లోపలికి వెళ్లిపోతుంది. చెయ్యి గుండ్రంగా కాకుండా నిడివిగా నడవాలి, నొక్కకూడదు. పైకప్పు, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం ముందు. డోర్ల కింది భాగం, బంపర్లు చివర. చక్రాలకు వాడే గుడ్డ, బకెట్ పూర్తిగా వేరే ఉండాలి. బ్రేకుల నుంచి రాలే పొడిలో సన్నటి ఇనుప రజను ఉంటుంది. చక్రం తుడిచిన గుడ్డతో డోరు తుడిస్తే అది గుడ్డ కాదు, గరుకు కాగితం. నేల మీద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడటం కూడా అంతే.

చాలాచోట్ల కడగడం బాగానే ఉంటుంది, తుడిచే దగ్గరే చెడగొడతారు. రోజంతా అవే రెండు పాత గుడ్డలు, ఒకసారి అద్దానికి, ఒకసారి సైలెన్సర్ గొట్టానికి. వైపర్‌లా లాగే రబ్బరు పట్టీ వాడితే మరీ ప్రమాదం. దాని అంచు కింద ఒక్క రేణువు చిక్కినా బానెట్ ఈ చివరి నుంచి ఆ చివరికి గీత పడుతుంది. మంచి చోట ముందు గాలి కొట్టి అద్దాల సందుల్లో, డోర్ హ్యాండిళ్లలో, దీపాల చుట్టూ ఉన్న నీళ్లు పోగొడతారు. ఆ తర్వాత మందపాటి మైక్రోఫైబర్ టవలును పరిచి, నొక్కకుండా నీళ్లు పీల్పిస్తారు. ఆ టవళ్లు ఉతికి మడిచి ఉన్నాయా, మూలన కుప్పగా పడి ఉన్నాయా అన్నది చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

ప్రెజర్ గన్ విషయంలో పొరపాటు పడితే గీతల కంటే పెద్ద నష్టం జరుగుతుంది. కారు పెయింట్‌కి 80 నుంచి 130 బార్ (నీటి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి సరిపోతుంది. గన్ మూతికీ బండికీ మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. గన్ మూతికి తగిలించే నాజిళ్లకు, ధార ఎంత కోణంలో విచ్చుకుంటుందో చెప్పే రంగులు సాధారణంగా ఉంటాయి: ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40. కారుకు వాడాల్సింది తెలుపు, లేదా కాస్త దూరం నుంచి ఆకుపచ్చ. ఎరుపు నాజిల్ నీటిధార సూదిలా ఒకేచోట దిగుతుంది. రాయి తగిలి పెయింట్ చిట్లిన చోట అది తగిలితే చుట్టూ ఉన్న పెయింట్ పెచ్చులుగా లేచిపోతుంది. గిరగిరా తిరిగే ధార వచ్చే నాజిల్ కూడా వద్దు. టైరు పక్క గోడకు దగ్గరగా పెట్టి కొడితే లోపలి దారాలు దెబ్బతినవచ్చు, ఆ దెబ్బ పైకి కనబడదు. డోర్ల రబ్బరు బీడింగులు, పార్కింగ్ సెన్సర్లు, వెనక కెమెరా, అంటించిన ఫిల్మ్ అంచులు, విద్యుత్ కార్ల చార్జింగ్ మూత, వీటి మీద నేరుగా ధార పట్టకూడదు. రేడియేటర్ రేకులు ఏటవాలు ధారకు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది.

షాంపూ ఏది వాడుతున్నారో అడగండి. డబ్బా చూపించమనండి. పీహెచ్ 7కు దగ్గరగా, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉండే కారు షాంపూ అయితే మంచిది. బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు నీళ్లు జిడ్డును బాగానే వదిలిస్తాయి, దాంతోపాటు పెయింట్ మీద మీరు వేయించిన వ్యాక్స్ (మైనపు పూత)నీ వదిలిస్తాయి. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది చక్రాలు కడిగే ద్రావణాల దగ్గర. కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటాయి. క్షణాల్లో చక్రం మెరిసిపోతుంది, కానీ అల్లాయ్ పూతనూ అద్దాన్నీ తినేస్తాయి. అంతకుమించి అవి చర్మం గుండా లోపలికి దిగి ఎముకదాకా హాని చేస్తాయి, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. ఒట్టి చేతులతో ఆ పని చేసే కుర్రాళ్ల కోసమైనా, అలాంటివి వాడే చోటికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం.

ఆటోమేటిక్ యంత్రాలన్నీ ఒకటి కాదు. గట్టి ప్లాస్టిక్ కుంచెలవి పాతవి, పెయింట్‌కి అన్నిటికంటే చెడ్డవి. మెత్తటి గుడ్డ పట్టీలవి, నీళ్లు పీల్చని ఫోమ్ పట్టీలవి కొంత నయం. అయితే ఆ పట్టీలను రోజూ కడుగుతున్నారా అన్నదే అసలు ప్రశ్న. ముందు వెళ్లిన బండి బురదలో పొర్లి వచ్చిందైతే ఆ బురద మీ వంతుకు వస్తుంది. యంత్రంలోకి వెళ్లకముందు మనుషులు గన్‌తో మట్టి దులుపుతుంటే అది మంచి గుర్తు. అసలేమీ తాకకుండా నీళ్లు, రసాయనాలతోనే కడిగే యంత్రాలు గీతలు వేయవు. కానీ రుద్దే పని లేదు కాబట్టి రసాయనం ఘాటుగా ఉండాలి. ఒకసారి క్షారం, ఒకసారి ఆమ్లం కొడతారు. ఎప్పుడో ఒకసారి అయితే ఫర్వాలేదు. వారం వారం అయితే వ్యాక్స్ నిలవదు, అల్యూమినియం పట్టీలు తెల్లబడతాయి, నల్ల ప్లాస్టిక్ వెలిసిపోతుంది.

బండిని లాక్కెళ్లే యంత్రమైతే గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీంచి కాలు, స్టీరింగ్ మీంచి చేతులు తీసేయాలి. ఆటో హోల్డ్ (బండి ఆగినప్పుడు బ్రేకును పట్టి ఉంచే ఏర్పాటు), దానంతట అదే పడే పార్కింగ్ బ్రేకు, వాన చుక్కకు కదిలే వైపర్లు, అన్నీ ఆపేయాలి. లేకపోతే యంత్రం మధ్యలో చక్రాలు బిగుసుకుంటాయి, లేదా వైపర్ లేచి పట్టీలకు చిక్కుకుంటుంది. అద్దాలు మడవాలి, విప్పగలిగే యాంటెనా విప్పాలి. కొన్ని కొత్త బళ్లలో వీటన్నిటినీ ఒకేసారి ఆపే కార్ వాష్ మోడ్ ఉంటుంది, మీ బండి పుస్తకంలో చూడండి. టైరు గోడ పొట్టిగా, చక్రం వెడల్పుగా ఉన్న బళ్లకు చక్రాన్ని నడిపించే యంత్రం పట్టాల అంచు అల్లాయ్‌కి రాసుకోవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి.

కొన్ని బళ్లకు యంత్రమే వద్దు. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ అయితే కుంచె తగలకూడదు, మెరుపు వచ్చే వ్యాక్స్ కూడా రాయకూడదు, ఎందుకంటే ఒకచోట నునుపెక్కితే దాన్ని మళ్లీ మ్యాట్ చేయలేం. దెబ్బ తగిలి కొత్తగా పెయింట్ వేయించిన భాగానికి కనీసం నెల రోజులు యంత్రం, వ్యాక్స్ రెండూ దూరం. సిరామిక్ కోటింగ్ (పెయింట్‌ను కాపాడటానికి పైన వేసి ఆరబెట్టే పూత) వేయించాక సాధారణంగా వారం దాకా కడగకూడదు.

నీళ్ల గురించి అడిగేవారు తక్కువ. సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లతో ఎండలో కడిగితే నీటి చుక్క ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది. వేడెక్కిన బానెట్ మీద అది ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. కాబట్టి కడిగే చోట నీడ ఉండాలి. దూరం నుంచి వచ్చిన బండి ఇంజన్, బ్రేకు డిస్కులు చల్లారడానికి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. ఆఖరి నీళ్లు శుద్ధి చేసినవైతే మరీ మంచిది. వాడిన నీళ్లనే తిరిగి వాడేచోట కనీసం చివరిసారైనా మంచినీళ్లు పోస్తారా అని అడగండి.

ఇంజన్ మీద గన్‌తో నీళ్లు కొడతామంటే ఒప్పుకోవద్దు. ఫ్యూజు పెట్టె, ఆల్టర్నేటర్, కనెక్టర్లలోకి, స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి నీళ్లు దిగితే బండి ఆ రోజు కాకపోయినా రెండు రోజులకు మొరాయించవచ్చు. తడి గుడ్డతో తుడిస్తే చాలు. అడుగుభాగానికి డీజిల్, కిరోసిన్ కొట్టడం కూడా వద్దు. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, జిడ్డుకు దుమ్ము మరింత పడుతుంది. లోపల మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే స్టీరింగ్, పెడళ్ల మీద పడితే చెయ్యి, కాలు జారతాయి. టైరు పాలిష్ చక్రం సందుల్లోంచి బ్రేకు డిస్కు మీద పడితే బ్రేకు సరిగా పట్టదు. టైరు పాలిష్‌ను స్ప్రే కొట్టకుండా స్పాంజితో రాయమని చెప్పండి.

బండి తీసుకునేటప్పుడు డబ్బు ఇవ్వకముందే నీడలో ఒకసారి, ఫోన్ టార్చి వెలుగులో ఒకసారి చుట్టూ చూడండి. అద్దాలు, వైపర్లు, కెమెరా, సెన్సర్లు పనిచేస్తున్నాయో లేదో అక్కడే పరీక్షించండి. ఏదైనా తేడా ఉంటే అక్కడే చూపించి ఫొటో తీసుకోండి, ఇంటికెళ్లాక చెబితే నమ్మరు. బయల్దేరాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట నెమ్మదిగా పోతూ బ్రేకును రెండు మూడు సార్లు తేలిగ్గా నొక్కండి. తడిసిన డిస్కులు ఆరేదాకా మొదటి బ్రేకు మీరు అనుకున్నచోట పడకపోవచ్చు.

ఇట్లు,
వాహనాల పెయింట్ సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు