సైదాబాద్ ఇంటి గురించి అమ్మకి

ఫిలడెల్ఫియా, నవంబరు

అమ్మా,

నేను బాగున్నాను. చలి మొదలైంది. హీటరు బాగానే పనిచేస్తోంది, నువ్వు పంపిన స్వెట్టరు రోజూ వేసుకుంటున్నాను. ఆఫీసులో అంతా మామూలే. ఉద్యోగాలు తీసేస్తున్నారని టీవీలో చూసి టెన్షన్ పడకు, మా టీమ్ జోలికి ఎవరూ రాలేదు.

ఫోన్లో చెప్పకుండా ఉత్తరం ఎందుకంటే, మీరు స్పీకర్ ఆన్ చేస్తారు. పక్కన నాన్న ఉంటే నువ్వు "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. కాగితాలు ఎలాగూ సంక్రాంతి తర్వాతే అన్నారుగా, ఈలోపు ఇది చేరిపోతుంది.

మొన్న వీడియో కాల్లో అంతా చూశాను. "బిల్డర్‌కి ఇచ్చేద్దాం, అందరికీ ఓకేనా" అన్నారు పెదనాన్న. బాబాయ్ తలూపాడు. అత్తయ్య ముందు నాన్న మొహం చూసి, తర్వాత "మీరెలా అంటే అలా" అంది. "నాదేముంది" అన్నారు నాన్న. నువ్వు టీ గ్లాసులు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయావు. తాతయ్య కట్టిన ఇల్లు, టీ చల్లారేలోపు తేలిపోయింది.

ఆ రాత్రే అత్తయ్య వాయిస్ మెసేజ్ పెట్టింది. తనకి ఇష్టం లేదట, నాన్నకి డబ్బు అవసరమేమోనని ఊరుకుందట. బాబాయేమో "అన్నయ్యల మనసులో ఉంటే నేనెందుకు అడ్డం" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్తున్నాను, తిడితే తిట్టనీ. నాన్న ఆశపడుతున్నారని నువ్వంటావు. ఆయన ఆశపడగా నేనైతే వినలేదు. మరి ఆ ఫ్లాట్లు ఎవరికి కావాలి?

జెర్రీ హార్వీ అనే ప్రొఫెసర్ 1974లో తన అత్తారింటి సంగతే రాశాడు. టెక్సాస్ ఎండలో, ఏసీ లేని కారులో, 53 మైళ్ల దూరంలోని అబిలీన్‌కి నలుగురూ భోజనానికి వెళ్లొచ్చారు. ఇల్లు చేరాక తేలిందేమిటంటే, పోదామన్న మామగారితో సహా ఎవరికీ వెళ్లాలని లేదు. మిగతావాళ్లకి విసుగ్గా ఉందేమోనని ఆయన అన్నాడట, అంతే. మన పెదనాన్న కూడా అలాగే అన్నారేమో, ఎవరైనా అడిగారా?

ఇక్కడికి దగ్గర్లోనే స్వార్త్‌మోర్ అని ఒక కాలేజీ ఉంది. 1950ల మొదట్లో సాలమన్ యాష్ అనే ఆయన అక్కడ కుర్రాళ్లకి గీతలు చూపించి, ఏది ఏదానితో సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ఆయన మనుషులే. 18 సార్లలో 12 సార్లు వాళ్లంతా కూడబలుక్కుని తప్పు చెప్పారు. అలాంటప్పుడు మూడింట ఒక వంతు సార్లు ఆ ఒక్కడూ తప్పుకే సరే అన్నాడు. ఇది చెప్పి జనం గొర్రెలంటారు, నాకు నచ్చదు. మూడింట రెండొంతుల సార్లు తమ కళ్లనే నమ్మారు కదా.

ఆ యాష్ వార్సాలో పుట్టాడు. వాళ్ల యూదుల పండగపూట ఏలీయా ప్రవక్త వస్తాడని ఆయన కోసం ఒక గ్లాసు ద్రాక్షసారా విడిగా పెడితే, చూస్తూ ఉండు, తగ్గుతుంది అన్నాడట వాళ్ల మామయ్య. పిల్లాడికి నిజంగానే కాస్త తగ్గినట్టు కనిపించిందట. అది వినగానే నువ్వే గుర్తొచ్చావు! 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరంతా గుడికి ఎగబడ్డప్పుడు నువ్వూ చెంచా పట్టుకెళ్లావట. పాలు బొజ్జ మీదుగా కారి కింద బండ తడవడం చూశావట. వెనక లైన్లో వాళ్లు "తాగాడా, తాగాడా" అంటే "ఆఁ, తాగాడు" అన్నావట. అత్తయ్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

బండలంటే గుర్తొచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నాలు హాల్లో షాబాదు బండల మీద నీళ్లు చల్లి, తడి పూర్తిగా ఆరకముందే చెంప ఆనించి పడుకునేవాళ్లం. కిటికీ పక్క బండకి ఒక మూల విరిగి ఉండేది, అందులో తమ్ముడు గోళీలు దాచేవాడు. ఇక్కడంతా కార్పెట్టే.

ఇల్లు ఇవ్వొద్దని నా ఉద్దేశం కాదు. వెనకగది వానకి కారుతోంది, నాన్న మోకాళ్లకి లిఫ్ట్ ఉంటే సుఖమే. నిజంగా కావాలనుకుంటే ఇవ్వండి, మొహమాటానికి మాత్రం వద్దు. "అమెరికా పోయి పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం నేర్చుకుంది" అంటావని తెలుసు. ఎదురు చెప్పమనడం లేదమ్మా. యాష్ ప్రయోగంలో ముందు కూర్చున్న ఒక్కడు నిజం చెబితే చాలు, తప్పుకి తలూపడం అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగో వంతుకి పడిపోయింది. ఆ ఒక్కదానివి నువ్వైతే అత్తయ్యకి నోరొస్తుంది. మాట్లాడలేనంటే తమ్ముడి చేత అందరికీ చీటీలు ఇప్పించు, పేర్లు వద్దు, అవునో కాదో రాయమను. చదివాకే పెదనాన్న మాట్లాడాలి. నా చీటీ వాడికి చెప్తాను, వాడే రాసేస్తాడు.

చదివాక ఇది నాన్నకివ్వు. కోపం వస్తే ఫోన్ చేయమను, పొద్దున్నే ఏడింటికైతే నేను ఖాళీగా ఉంటాను.

షుగర్ టెస్ట్ చేయించావా? "బాగానే ఉంది" అనకు, రిపోర్టు ఫొటో పంపు.

నీ
చిన్ని