ఇంటి జప్తు నోటీసు తర్వాతి ఆ 60 రోజులు: వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

గత వానాకాలంలో కొత్తవాడలోని మా వీధికి చెందిన ఒక జంపఖానాల నేత కార్మికుడు, ఇంగ్లిషులో ఉన్న నాలుగు పేజీల కాగితం పట్టుకుని మా కాలనీ సంఘం దగ్గరకు వచ్చారు. కూతురి పెళ్లికి ఇంటి కాగితాలు కుదువ పెట్టి అప్పు తీసుకున్నారు. ఆ తర్వాత భార్య ఆపరేషన్‌తో కిస్తులు ఆగిపోయాయి. కాగితం వచ్చి అప్పటికే 51 రోజులైంది. డబ్బు సర్దుబాటయ్యాకే బ్యాంకు మెట్లెక్కుదామని, దాన్ని దేవుడి పటం వెనక దాచారట. అది బ్యాంకులు మొండి బాకీలు వసూలు చేసుకోవడానికి ఉన్న సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద ఇచ్చిన నోటీసు అనీ, 60 రోజుల్లో బాకీ కట్టకపోతే కోర్టు తీర్పు అవసరం లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు వస్తుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మిగిలిన 9 రోజుల్లో నలుగురు చేతులు కలిపారు. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి అప్పు ఖాతా లెక్క తెప్పించి, జరిమానా మీద మళ్లీ వడ్డీ పడిందేమోనని పద్దు పద్దు చూశారు. ఒక యువ న్యాయవాది రుసుము తీసుకోకుండా 13(3ఎ) కింద అభ్యంతర పత్రం రాశారు. అది అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు ఇచ్చి తీరాలి. ఆ నేత కార్మికుడి భార్య ఉన్న పొదుపు సంఘం రెండు కిస్తులకు సరిపడా అప్పు ఇచ్చింది. నేత సహకార సంఘం, ఆయనకు రావలసిన మజూరీ ఎంతో లెక్కగట్టి బ్యాంకుకు చూపించింది. చివరకు బకాయిని నెలనెలా కొంత చొప్పున తీర్చడానికి బ్యాంకు ఒప్పుకుంది, ఇల్లు నిలిచింది.

అయితే ఈ నాలుగు వర్గాలవారికీ అంతకు ముందు ఒకరితో ఒకరికి పరిచయమే లేదు, ఎవరికి తెలిసిన ముక్క వారి దగ్గరే ఉండిపోయేది. అప్పు అసలూ వడ్డీ కలిపిన మొత్తంలో ఇంకా కట్టాల్సిన బాకీ 20 శాతం లోపే ఉంటే ఈ చట్టం వర్తించదని మా వీధిలో ఎవరికీ తెలియదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుందనీ, 15100 నంబరుకు ఫోను చేస్తే చాలనీ తెలిసినవారు అంతకంటే తక్కువ.

ఆలస్యమైన కొద్దీ దారులు మూసుకుపోతాయి. ఇంటిని స్వాధీనం చేయించమని 14వ సెక్షన్ కింద బ్యాంకు పెట్టే దరఖాస్తు మీ కార్యాలయానికి చేరాక, అప్పులోని న్యాయాన్యాయాలు విచారించే అధికారం మీకు కూడా ఉండదు. అఫిడవిట్ చూసి 30 రోజుల్లో, కారణాలుంటే మొత్తం 60 రోజుల్లో, ఉత్తర్వు ఇవ్వాలి. స్వాధీన చర్యపై 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, వెళ్లవచ్చు, కానీ అది హైదరాబాద్‌లో ఉంది. మగ్గం ఆపి, ఛార్జీలు పెట్టుకుని ఎన్ని వాయిదాలకు వెళ్లగలరు? అందుకే సాయం ఆ మొదటి 60 రోజుల్లోనే అందాలి.

మేము రుణమాఫీ అడగడం లేదు. బ్యాంకులో ఉన్నది కూడా మాలాంటి వారి డిపాజిట్లేనని మాకు తెలుసు. సోమవారం మీరు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక బల్ల కేటాయించి, పట్టణ మహిళా సమాఖ్య, చేనేత సంఘాలు, కాలనీ సంఘాలు, న్యాయసేవాధికార సంస్థ, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయం ప్రతినిధులు అక్కడ కలిసి కూర్చునేలా చూడమని కోరుతున్నాము. మీ అధ్యక్షతన బ్యాంకులతో జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో, 13(2) నోటీసుతో పాటు గడువు తేదీ, అభ్యంతరం చెప్పుకునే హక్కు, 15100 నంబరు ఉన్న ఒక పేజీ తెలుగు కాగితం జతచేయాలని బ్యాంకులను ఒప్పించండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. 14వ సెక్షన్ దరఖాస్తు అందిన రోజే ఆ కుటుంబానికి ఉచిత న్యాయసాయం గురించి మీ కార్యాలయం నుంచి తెలుగులో సమాచారం వెళితే, చివరి నిమిషంలోనైనా కొందరికి రాజీ దారి దొరుకుతుంది.

ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి, నోటీసులు చదివి తెలుగులో చెప్పడానికి మా సంఘం నుంచి ప్రతి సోమవారం ఇద్దరం వస్తాము. మీరు ఏ సోమవారం నుంచి రమ్మంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
కొత్తవాడ కాలనీ సంఘ సభ్యుడొకరు,
వరంగల్