మేల్ మెడికల్ వార్డు సిస్టర్లకు, మా ఇంటి తరఫున

నాన్న నిన్న సాయంత్రం ఇంటికొచ్చారు, 19 రోజుల తర్వాత. కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు, మాట ముద్దగానే ఉంది. కానీ ముక్కులో గొట్టం తీసేశారు, చెంచాతో జావ తాగుతున్నారు. ఫోన్లు చేసినవాళ్లకు, డబ్బు సర్దినవాళ్లకు, పక్షవాతం అని తెలియగానే అర్ధరాత్రి తెనాలి నుంచి కారేసుకొచ్చిన మా బావకు పేరుపేరునా నమస్కారాలు. డాక్టర్లకు అక్కడే చెప్పుకున్నాం. ఇది వార్డు సిస్టర్ల కోసం రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు, చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ఏడో రోజు రాత్రి సంగతి ముందు చెప్పాలి. నేను మంచం పక్కన చాప మీద కునుకు తీస్తున్నాను. రెండింటప్పుడు కళ్లు తెరిస్తే నైట్ డ్యూటీ సిస్టర్ నేల మీద గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి మూత్రం బ్యాగు మీది గీతలు చూస్తోంది. గొట్టం ఎక్కడైనా మడత పడిందేమోనని చివరిదాకా వేళ్లతో తడిమింది. పొత్తికడుపు నొక్కి చూసింది. బీపీ చూసింది. 'పదకొండు నుంచి ఏమీ చేరలేదమ్మా. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 ఎం.ఎల్. రావాలి' అని నాతో అంటూనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వేరే వార్డులో ఉన్నానంటే 'సార్, మీరిప్పుడే రావాలి' అని గట్టిగా చెప్పింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లిందట. తెల్లారేలోపు సెలైన్లు, యాంటీబయాటిక్ మొదలయ్యాయి. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు కేస్ షీట్ చూసి, 'సిస్టర్ పట్టుకోబట్టి సరిపోయింది' అన్నారు. నర్సంటే డాక్టరు చెప్పిన సూది వేసే మనిషి అనుకునేదాన్ని నేను. ఆ రాత్రి ఆమె ఎవరు చెప్పగా చూసింది?

బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క. నేనున్న రాత్రుళ్లు నలభైమందికి ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో ఒకామె మా నాన్న బ్యాగు గీతలు చూడ్డానికి నేల మీద కూర్చుంది.

ఇక మా ఇంటి విషయం. రాయమని నాన్నే అన్నారు.

1987లో మా చిన్నత్తకు జి.ఎన్.ఎం., అంటే నర్సింగ్ డిప్లొమా, సీటొచ్చింది. తాతయ్య అప్పటికి లేరు, ఇంటికి పెద్ద నాన్నే. 'మగాళ్ల ఒళ్లు తుడిచే ఉద్యోగం మనింటి పిల్లకేంటి, నైట్ డ్యూటీలంటే రేపు ఎవడు చేసుకుంటాడు' అని ఆపేశారు. అత్త ఏడ్చింది, మానేసింది, మరుసటేడు పెళ్లి చేసేశారు. ఆ రోజుల్లో మా ఊళ్లన్నిటా ఇదే మాట. గుంటూరు ఆసుపత్రుల్లో తెల్లచీర కట్టుకున్న అమ్మాయిల్లో చాలామంది దళిత క్రైస్తవ కుటుంబాల వాళ్లు, కేరళ నుంచి వచ్చినవాళ్లు. జ్వరమొస్తే వాళ్ల చేతి మందే మింగేవాళ్లం, సంబంధాల దగ్గర మాత్రం 'నర్సా?' అని మొహం తిప్పేవాళ్లం. మా ఇంట్లోనూ ఆ తప్పు జరిగింది.

గుంటూరులో ఈ పట్టింపులు ఇంకా పాతవి. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి వచ్చినప్పుడు, డాక్టరు చదివిన ఆమెను కూడా మిషన్ వాళ్లు ఆడవాళ్లకు చదువు చెప్పే పనికే పంపారు. ఆమె వైద్యం మానలేదు. 1898 నాటికి ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి నిలబెట్టారు. మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్లు అక్కడికి వచ్చారు. మా నాయనమ్మ దాన్ని కుగ్లరమ్మ ఆసుపత్రి అనేది, ఆ పేరంటేనే ఒక ధైర్యం. అదే నాయనమ్మ అత్త సీటు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

వార్డులో మొదటిరోజు సిస్టర్ తడిగుడ్డతో ఒళ్లు తుడవబోతే నాన్న గోడవైపు తిరిగిపోయారు. ఆమె తెర లాగి, దుప్పటి కప్పి, ఒక్కో చెయ్యి, ఒక్కో కాలు మాత్రమే బయటికి తీస్తూ తుడిచింది. 'బాబాయ్ గారూ, ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నా' అని ప్రతిదీ చెప్పి చేసింది. మూడో రోజుకు నాన్న ఆమె కోసం ఎదురుచూశారు.

పగలు తోడుండటానికి చిన్నత్త వచ్చేది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమల కింద మెత్తగా చుట్టిన గుడ్డ పెట్టడం, వీపు ఎర్రబడితే వేలితో నొక్కి చూడటం సిస్టర్లే నేర్పారు. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే పర్వాలేదు, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. 19 రోజుల్లో నాన్న ఒంటి మీద ఒక్క పుండు లేదు. గొట్టంలో పాలు పోసేముందు తలవైపు ఎత్తాలని, పోశాక అరగంట పడుకోబెట్టకూడదని అత్త నాకే పాఠం చెప్పింది. ఒకరోజు హెడ్ సిస్టర్ 'మీరు నర్సింగ్ చేశారా అత్తా?' అని అడిగింది. అత్త 'సీటొచ్చింది' అని ఊరుకుంది. నాన్న వింటున్నారు. ఆ రాత్రే నాతో, ముద్దముద్దగా, ఈ సంగతి నలుగురికీ చెప్పమన్నారు.

ఇప్పుడు మా బంధువుల్లోనే ఇద్దరు పిల్లలు బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్నారు, ఒకమ్మాయి అక్కడ ఉద్యోగం కోసం జర్మన్ భాష నేర్చుకుంటోంది. సంబంధాలవాళ్లు స్టాఫ్ నర్సు ఉద్యోగమని వెతుక్కుంటూ వస్తున్నారు. సంతోషమే. కానీ ఆ మర్యాద జీతం చూసి వచ్చిందేమోనని నా భయం. వార్డులో ఇప్పటికీ రోగుల మనుషులు చిటికేసి పిలవడం చూశాను, నైట్ డ్యూటీ పిల్లతో వెకిలి మాటలు విన్నాను. అలా పిలిచిన ఒకాయనకు హెడ్ సిస్టర్ కంటే ముందు మా అత్తే గట్టిగా చెప్పింది.

సిస్టర్లకు, పక్క మార్చేటప్పుడల్లా చెయ్యి వేసిన వార్డు సహాయకుడు, ఎం.ఎన్.ఓ. తమ్ముడికి, మా అత్తకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. మేం కొన్న ఎయిర్ బెడ్ వార్డులోనే వదిలి వచ్చాం, 14వ మంచం పెద్దాయనకు వెయ్యండి సిస్టర్. మోటారు దగ్గర పైపు కొంచెం వదులు, టేపు చుట్టాం, రాత్రిపూట ఒకసారి చూసుకోండి.