నీ గ్రాఫులో ఆ 2014 మెట్టు

బెంగళూరు, ఆదివారం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడంతా కులాసా. సాయంత్రమైతే వాన, వానైతే ట్రాఫిక్, అంతే. నీ గ్రాఫు చూశాక మాత్రం ఆగలేకపోయాను.

2014లో మన వైద్య పరిశోధనలో విదేశీ సహకారం నిటారుగా లేచిందని, పక్కన బాణం గీసి మరీ మురిసిపోయావు. ఆ బాణం చెరిపెయ్ బాబూ! పెరిగింది సహకారం కాదు, నువ్వు లెక్కలు తీసిన పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్ల ఆన్‌లైన్ సూచిక) రికార్డు. 1988 నుంచి 2013 దాకా అందులో మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేవారు. 2014 నుంచి అందరివీ వస్తున్నాయి. అంటే 2012లో వేలూరాయన మొదటి పేరు, లండనాయన రెండో పేరు అయితే నీ లెక్కలో అది అచ్చంగా దేశవాళీ పేపరు. పేర్లు తారుమారైతే మన ఖాతాలోకే రాదు. పాత ఏళ్ళు కావాలంటే వెబ్ ఆఫ్ సైన్స్ అనే ఇంకో పేపర్ల సూచికలో తీసుకో, కానీ రెండింటినీ ఒకే గీతతో కలపకు. జర్నళ్ళ జాబితాలే వేరు. అంతా కలగాపులగం సాంబారవుతుంది!

చిరునామాలు వెతకడంలోనూ జాగ్రత్త. 'ఇండియా' చివర 'ఆపైన ఏ అక్షరాలైనా సరే' అనే నక్షత్రం గుర్తు (*) పెడితే అమెరికాలోని ఇండియానా రాష్ట్రమంతా వచ్చి పడుతుంది. 'హైదరాబాద్' అని కొడితే సింధ్‌లోని హైదరాబాదూ మనదైపోతుంది. అలాగని 'పాకిస్తాన్ వద్దు' అని పెట్టావో, రెండు దేశాలవాళ్ళూ కలిసి రాసిన పేపర్లు ఎగిరిపోతాయి. రికార్డులు దించుకుని ఒక్కో చిరునామా విడిగా చూడాల్సిందే. బ్యాంగలోర్, బెంగళూరు రెండూ వెతుకు. మద్రాసునీ వదలకు, ఐఐటీ పేరు ఇప్పటికీ అదే.

ఇక ఒక్కో పేపర్లో దేశాల వాటాలు. నలుగురు రచయితల్లో ఒకరు బెంగళూరు, ముగ్గురు బోస్టన్ అనుకో. పూర్తి లెక్కలో మనకి 1, వాళ్ళకి 1. భాగాల లెక్కలో, అంటే రచయితల సంఖ్యని బట్టి పంచితే, మనకి 0.25. వందల పేర్లున్న పేపర్లయితే 'బంధుమిత్రుల అభినందనలతో' శుభలేఖలే, వాటిని విడిగా చూపించు. నాకైతే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడమే నిజాయితీ అనిపిస్తుంది. అన్నట్టు ఒకే మనిషికి ఇక్కడొకటి, అమెరికాలో ఒకటి చిరునామా ఉంటే, ఒంటరిగా రాసిన పేపరు కూడా 'అంతర్జాతీయం' అయిపోతుంది. దానికి ఏం చెయ్యాలంటే, ముందు రచయితల సంఖ్య చూసి…

అయ్యో, కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లో నాలుగు శాతమే ఉంది. మిగతాది రేపు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రఘు