వార్షిక నివేదిక: తప్పు షియర్ బోల్టుది కాదు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పాత బేలర్ల (గడ్డిని మోపులుగా కట్టే యంత్రాల) మీద మన పని దాదాపు ఒక్క ఫిర్యాదు చుట్టూనే తిరిగింది. "ఫ్లైవీల్ దగ్గర షియర్ బోల్టు ఊరికే తెగిపోతోంది." భారం ఎక్కువైతే తాను తెగి మిగతా యంత్రాన్ని కాపాడడమే ఆ బోల్టు పని. అయినా తెగిన ముక్క పట్టుకుని వచ్చిన చాలామంది ఇంకా గట్టి బోల్టు అడిగారు. ఆ తప్పు అందరికంటే ముందు చేసింది నేనే. చేతికందిన హైటెన్సైల్ బోల్టు బిగించాను. ఆ పూట బోల్టు తెగలేదు, ముందుకూ వెనక్కూ కదులుతూ గడ్డిని నొక్కే ప్లంజర్ కనెక్టింగ్ రాడ్ వంగింది. బోల్టుకు మాత్రం ప్రత్యామ్నాయం వెతకొద్దు, మాన్యువల్‌లో ఉన్న గ్రేడే వేయండి.

అసలు జబ్బు ఆ నొక్కుడు జరిగే ఛాంబర్ లోపల ఉంది. ప్లంజర్ జారే చెక్క పట్టీలు అరిగితే అది పక్కకు ఊగుతుంది. అప్పుడు ప్లంజర్ కత్తికీ, ఛాంబర్ అంచున కదలకుండా ఉండే కత్తికీ మధ్య సందు పెరిగిపోతుంది. గడ్డి తెగకుండా ఇరుక్కుని నలుగుతుంది, భారమంతా బోల్టు మీద పడుతుంది. మోపుకు ఒక పక్క జులపాల్లా గడ్డి వేలాడుతుంటే ముందు ఇదే చూడండి.

పట్టీలు దొరకని మోడళ్లకు చేవ ఉన్న కర్రను నూనెలో నానబెట్టి వేశాం. కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ బోర్డు కోసి కూడా వేశాం. రెండూ పనిచేశాయి. (బోర్డు గురించి ఇళ్లలో జరిగిన గొడవలకు సంఘం బాధ్యత వహించదు.) స్క్రూ తలలు మాత్రం పట్టీలోకి బాగా దిగాలి. లేదంటే పట్టీ అరిగేకొద్దీ తల పైకి తేలి, జారే దారిని గీరేస్తుంది. తర్వాత కత్తుల సందు మళ్లీ సరిచేయాలి. చాలా యంత్రాల్లో అది అర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది.

ఇక నాటర్, అంటే మోపు తాడుకు ముడి వేసే భాగం. 1870ల చివర్లో జాన్ ఆపిల్‌బీ పేటెంట్ తీసుకున్న ఈ ముడి ఉపాయం మొదట ధాన్యపు పనలు కట్టడానికి పుట్టింది. ముడిని తోసే చేయి కొక్కేన్ని ఒరుసుకుంటూ పోవాలి. అది అరిగితే ముడి కొక్కేనికే వేలాడుతుంది. అరిగిన చోట బ్రేజింగ్‌తో (ఇత్తడి కరిగించి పోసి) నింపి ఆకురాయితో రుద్దాం. ఇత్తడి మెత్తన, మళ్లీ అరుగుతుంది, కానీ సీజన్ గట్టెక్కిస్తుంది. నాటర్‌కు తాడు అందించే సూది కంటిలో తాడు కోసిన గాడినీ అలాగే నింపి, వేలికి ఏమీ తగలనంత నునుపు చేయాలి. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచాకే చెయ్యి పెట్టండి.

నేల మీది గడ్డిని ఎత్తే పికప్ పళ్లు, గొలుసుల పనిలో చెప్పుకోదగ్గ కొత్త విషయమేమీ లేదు.

సన్నని సందులు కొలిచే సంఘం ఫీలర్ గేజ్ తీసుకెళ్లినవారు దయచేసి తిరిగి ఇవ్వండి.

– కార్యదర్శి