షెఫీల్డ్ నుంచి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అన్న ఆశీస్సులు. అమ్మ, బాపు బాగున్నారని తలుస్తాను.

బాలానగర్ షెడ్డులో పగిలిన పంచ్ (ప్రెస్‌లో రేకుకు రంధ్రం కొట్టే పనిముట్టు) ఫోటో అందింది. స్టీలు అమ్మినాయన్ని నిలదీసే ముందు ఆ పగులును పూర్తిగా విరగ్గొట్టి లోపలి ముఖం చూడు. నల్లగా స్కేలు (వేడికి పట్టే ఆక్సైడ్ పొర) పట్టి ఉంటే, కాల్చి గట్టిపరచడానికి నూనెలో ముంచకముందు నుంచే పగులు ఉంది. నూనె మరక లోపలికి దిగి లేత పసుపు తేలితే, గట్టిపడ్డాక, టెంపరింగ్‌కి (పెళుసుదనం తగ్గించడానికి మళ్లీ కాస్త వేడిచేయడానికి) ముందు పగిలింది. నిగనిగలాడుతూ శుభ్రంగా ఉంటే టెంపరింగ్ అయ్యాక, గ్రైండింగ్‌లోనో ప్రెస్ మీదనో పోయింది. విరిగిన చోట లోహపు గింజ కూడా చూడు: సన్నగా బూడిదరంగులో ఉండాలి. పంచదారలా మెరిస్తే ఫర్నేస్ మితిమీరి కాలింది.

ఓ.హెచ్.ఎన్.ఎస్., అంటే పంచ్‌లకు వాడే నూనెలో గట్టిపడే స్టీలు, నూనెలో సుమారు 200 డిగ్రీలకు దిగాక గట్టిపడుతూ కాస్త ఉబ్బుతుంది. పై పొర ముందే బిగుసుకుంటుంది, నడిమి భాగం ఆలస్యంగా ఉబ్బి దాన్ని లోపల్నుంచి నెడుతుంది. ఆ లాగుడంతా పదునైన మూలలో, రంధ్రం అంచులో, లోతైన టూల్ గీతలో చేరుతుంది. డ్రాయింగ్‌లోనే లోపలి మూలలకు కనీసం 1 మి.మీ. రేడియస్ (గుండ్రటి వంపు) ఇవ్వు. అంచుకు దగ్గరున్న రంధ్రాల్ని ఫైర్ క్లేతో (వేడికి తట్టుకునే బంకమట్టితో) మూసెయ్.

కాల్చేటప్పుడు 650 డిగ్రీల దగ్గర ఆపి పీసంతా సమానంగా కాలనివ్వు, తర్వాత 800కి తీసుకెళ్లు. పీసు రంగూ ఫర్నేస్ రంగూ ఒకటయ్యాక, 25 మి.మీ. మందానికి అరగంట చాలు. అయస్కాంతం పట్టు వదిలింది కదా అని తీసేయొద్దు, అది 770 దగ్గరికల్లా వదిలేస్తుంది.

నూనె 50–60 డిగ్రీలుండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి, పీసు చుట్టూ ఆవిరి పొరను నిలబెడుతుంది, అక్కడక్కడా మెత్తగా మిగులుతుంది. జనవరి పొద్దున ముందు ఒక ఇనుప దిమ్మె కాల్చి ముంచి వేడిచెయ్. కిలో స్టీలుకు పది లీటర్ల నూనెన్నా పెట్టుకో. పంచ్‌ని నిలువుగా దించి పైకీ కిందికీ ఆడించు. పక్కలకు ఊపితే వంగుతుంది. పాత ఇంజిన్ నూనె వాడొద్దు, పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పటకారు తడిగా ఉండకూడదు, తొట్టికి ఇనుప మూత దగ్గరే ఉండాలి. మంట లేస్తే మూతే, నీళ్లు పోయొద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యం: పీసు చేత్తో పట్టుకునేంత వేడికి దిగగానే, సుమారు 50–60 డిగ్రీలకు, టెంపరింగ్‌లో పెట్టెయ్. భోజనం తర్వాత చూద్దాం, రేపు పెడదాం అంటే బల్ల మీదే పగులుతుంది. 200 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి, చల్లారాక అదే వేడిలో ఇంకోసారి. గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలత) దగ్గర నిలుస్తుంది.

ఆకురాయి పైన కరిస్తే కంగారుపడకు. గాలికి పై పొర కార్బన్ పోయి ఉంటుంది. 0.2 మి.మీ. గ్రైండ్ చేసి మళ్లీ రుద్దు. జారితే లోపల సరిగ్గానే గట్టిపడింది. అందుకే ముందే 0.3 మి.మీ. అదనంగా వదులు, లేదా స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో చుట్టి కాల్చు.

విరిగిన ముఖం ఫోటో పగటి వెలుతురులో తీసి పంపు, చూసి రాస్తాను.

మీ అన్న